మగ్గం బోర్డుకీ తలుపు బోర్డుకీ మధ్య

2022 ఆగస్టు 3, బుధవారం. ధర్మవరంలో ఒక నేత ఇంటికి ఇంటర్నెట్ సరిచేయడానికి వెళ్లాను. లోపల అడుగుపెట్టింది ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, బయటికి వచ్చింది పన్నెండుకు పది నిమిషాలు తక్కువకు. ఆ గంటన్నరలో నేను చేసిన పని గురించి, చేయకుండా వదిలేసిన పని గురించి రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను హిందూపురం టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి 2016 మార్చిలో రిటైరయ్యాను. చివరి పంతొమ్మిదేళ్లు టెస్ట్ డెస్కు మీద ఉన్నాను. ఫోను చెడిందని ఫిర్యాదు వస్తే, కూర్చున్న చోటి నుంచే ఆ లైనును కొలిచి, లోపం ఎక్స్‌చేంజిలో ఉందో, స్తంభం దగ్గర ఉందో, ఇంట్లో ఉందో చెప్పే బల్ల అది. రిటైరై పెనుకొండలో ఇల్లు కట్టుకున్నాక, ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు వాళ్లు పిలిచి పని ఇచ్చారు. స్తంభాలెక్కే పని కాదు. ఇంటిదాకా నెట్ బాగానే వచ్చి, ఇంట్లో మాత్రం అందని చోట్లకు నన్ను పంపుతారు. ప్రతి ఇంటికీ నోటుపుస్తకంలో ఒక పేజీ. తేదీ, టైము, దూరం, కొలత రాస్తాను. ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి.

ఆ ఇల్లు ఆదెప్ప, రత్నమ్మ దంపతులది. అద్దె ఇల్లు. రైలు డబ్బాలా పొడుగ్గా ఉంటుంది. రౌటరు ముందు గదిలో, మగ్గం వెనక గదిలో. మధ్యలో రెండు రాతిగోడలు, ఒక్కొక్కటి రెండడుగుల మందం. టేపు పెట్టి కొలిస్తే రౌటరు నుంచి మగ్గానికి పదిహేడు మీటర్లు.

"ఫోను మగ్గం కాడికి తీసుకుపోతే చక్రం తిరుగుతానే ఉంటాదమ్మా. ఎదుటోళ్లకు చీర కనపడదు, మా మాట ఇనపడదు" అంది రత్నమ్మ.

"మగ్గం కాడే ఏల? చీర కోసినాక ముందు గదిలో పరిచి చూపిచ్చొచ్చు కదా" అన్నాను.

జవాబు ఆదెప్ప చెప్పాడు. "కోసినాక చూపిస్తే మిషను చీరంటారు. మగ్గం మీద ఉండంగనే చూడాల వాళ్లకు. నన్ను గూడా చూడాలంట, నేను మిషను కాదని."

"ఆ మొగం చూసి ఇద్దరు ఫోను పెట్టేసినారు" అంది రత్నమ్మ.

నవ్వుతూ చెప్పుకున్నా, వాళ్లకు అది బతుకు సంగతి. అప్పటిదాకా పట్టు ఇచ్చే షావుకారు కోసమే నేసేవాళ్లు. ఆ ఏడాది మొదటిసారి సొంతంగా పడుగు కొనుక్కుని, నేసిన చీరను వీడియోలో చూపించి నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఆలోచన రత్నమ్మది. నేత ఇద్దరికీ వచ్చు. బెంగళూరులో నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర చీరలు తీసుకున్నారు. మగ్గం కాడ నెట్ అందకపోతే మళ్లీ షావుకారు గడప ఎక్కాలి.

కేబుల్ లాగుదామంటే గోడకు బెజ్జం వేయడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. నెట్‌ను ముందుకు అందించే రిపీటర్ పెట్టి చూస్తే రెండో గోడ దాటలేదు. మిగిలింది పవర్‌లైన్ అడాప్టర్. ఇది జత పెట్టెలుగా వస్తుంది. ఒకదాన్ని రౌటరు పక్కన ప్లగ్గులో పెట్టి రౌటరుకు కలుపుతాం. రెండోదాన్ని నెట్ కావలసిన గదిలో ప్లగ్గులో పెడతాం. ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు పోయే కరెంటు వైరే నెట్‌ను మోస్తుంది. కరెంటు నిదానంగా ఊగే పెద్ద అల అనుకుంటే, నెట్ దాని మీద పోయే సన్నటి అలలు. ఒకదానికొకటి అడ్డం రావు. పెట్టెలు రెండూ ఒకే మీటరు కింద ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో పెట్టకూడదు, నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. దగ్గరలో మోటారు తిరుగుతుంటే వేగం పడిపోతుంది. ఇవి కంపెనీ పుస్తకంలో మొదటి పేజీలో ఉండే మాటలు.

ఆ గదిలో మోటారు ఉంది. మగ్గం పైన డిజైన్ కోసం కట్టే జకార్డు పెట్టెను కాలితో తొక్కి ఎత్తాలి. ఆదెప్పకు మోకాళ్లు అరిగిపోయాయి. ఏడాది కిందట ఆ పెట్టెను ఎత్తడానికి చిన్న మోటారు బిగించుకున్నాడు. మోటారు, మగ్గం మీద బల్బు, రెండూ మగ్గం పక్కనున్న స్విచ్‌బోర్డు నుంచే. తలుపు దగ్గర ఇంకో బోర్డు ఉంది. రెంటికీ మధ్య వైరు ఎనిమిది అడుగులు, గోడ మీద ప్లాస్టిక్ పట్టీలో.

రెండో పెట్టెను మగ్గం బోర్డులోనే పెట్టాను. ఫోను నిలబెట్టే చోటు అదే కాబట్టి. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. పది నలభైకి మోటారు ఆపి కొలిస్తే సెకనుకు 61 మెగాబిట్లు. పది నలభై ఆరుకు మోటారు తిరుగుతుండగా 8. పది యాభై రెండుకు ఆపి 60. పదకొండూ ఐదుకు తిరుగుతుండగా 7. పదకొండూ పన్నెండుకు ఆపి 19. పదకొండూ ఇరవైకి ఆపి 14. పదకొండూ ముప్ఫై ఒకటికి ఆపి 57.

"ఏమప్పా ఆదెప్పా, మోటారు నిజంగా ఆపినావా?" అని అడిగాను, 19 వచ్చినప్పుడు.

"ఆపినానమ్మా. చెయ్యి పెట్టి చూడండి."

నిజంగానే ఆగి ఉంది. 19 పక్కన పెన్సిలుతో "పక్కింటి మోటారు?" అని రాసుకున్నాను. ఆ వీధిలో ఇంటికొక మగ్గం, మగ్గానికొక మోటారు. అది చాలా సహజమైన ఊహ. అందుకే పక్కింటికి పోయి అడగలేదు.

పెట్టెను మగ్గం బోర్డు నుంచి తీసి తలుపు బోర్డులో పెట్టాను. 74. మోటారు తిప్పించాను. 71. ఆపించాను. 74. పెట్టె నుంచి వచ్చే వైఫై ఎనిమిదడుగుల దూరంలోని మగ్గానికి చక్కగా అందింది. రత్నమ్మ అప్పటికప్పుడే బెంగళూరు ఆమెకు వీడియో కలిపి జరీ అంచు చూపించింది. "నీళ్ల మాదిరి పోతాండాది బొమ్మ" అని ఆదెప్ప మగ్గం కింది గుంతలో కూర్చుని అడ్డం పోగు మోసే నాడె విసిరాడు. నేను టీ తాగి మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాను. పేజీ కింద "పూర్తి" అని రాశాను.

సెప్టెంబర్ 20న కేబుల్ ఆఫీసు నుంచి ఫోను. "అమ్మా, మీరు ధర్మవరంలో పెట్టిన పెట్టె వల్ల మనిషి పోయినాడంట. వచ్చి పీక్కొని పొమ్మంటాండారు."

ఇరవై ఒకటిన వెళ్లాను. జరిగింది ఇది. పంతొమ్మిది ఉదయం, రెండు రోజుల వాన తర్వాత, మగ్గం గుంతలో మట్టి చెమ్మగా ఉంది. ఆదెప్ప వీడియోలో బెంగళూరులోని ఒక ఆమెకు చీర చూపిస్తూ నేస్తున్నాడు. రత్నమ్మ ముందు గదిలో పట్టు దారం కండెలకు చుడుతోంది. మోటారు ఉన్నట్టుండి ఆగింది, బల్బు ఆరిపోయింది. కరెంటు పోయిందనుకుని అతను జకార్డును చేత్తో దించబోయి, మోటారు బిగించిన ఇనుప చట్రాన్ని పట్టుకున్నాడు. ఫోను బ్యాటరీ మీద ఉంది. తలుపు బోర్డులోని పెట్టె పనిచేస్తూనే ఉంది. బెంగళూరులో ఉన్న ఆమె అంతా చూసింది. రత్నమ్మకు మొదట వినపడింది ఫోనులోంచి ఆమె వేసిన కేకలే.

మెయిన్ ఆపించి, లైసెన్సు ఉన్న ఒక వైర్‌మన్‌తో మగ్గం బోర్డు విప్పించాను. మూడు రంధ్రాల ప్లగ్గులో పై రంధ్రం ఎర్త్. మోటారు ఇనుములోకి పొరపాటున కరెంటు వస్తే దాన్ని భూమిలోకి పంపే దారి. ఆ ఇంటికి ఎర్త్ గుంతే లేదు. మోటారు బిగించినప్పుడు ఎవరో ఒక చిన్న రాగి ముక్కతో ఎర్త్ రంధ్రాన్ని, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకు కలిపేశాడు. న్యూట్రల్ బాగున్నంత కాలం అందులో ఏ తేడా తెలియదు. అది ఎక్కడైనా తెగితే, తిరిగి పోవలసిన కరెంటుకు దారి లేక, ఆ రాగి ముక్క మీదుగా మోటారు చట్రంలోకి వచ్చి నిలబడుతుంది. మోటారు ఆగిపోతుంది, బల్బు ఆరిపోతుంది, ఇనుములో మాత్రం కరెంటు ఉంటుంది. ఫ్యూజు కూడా పోదు.

"ఈ వీధంతా ఇట్లే ఇస్తారమ్మా ఎర్తు" అన్నాడు వైర్‌మన్. అతని మాటలో ఆశ్చర్యం లేదు.

తర్వాత పట్టీ విప్పాడు. రెండు బోర్డుల మధ్య, తలుపు బోర్డు నుంచి ఐదడుగుల దగ్గర, న్యూట్రల్ వైరుకు ఒక అతుకు ఉంది. రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు కరిగి నల్లబడింది. రాగి బొగ్గులా ఉంది. చేత్తో తాకితే విడిపోయింది.

నేను పెట్టిన పెట్టె ఆ అతుకుకు ఇవతల, తలుపు బోర్డులో ఉంది. దానికీ చావుకూ సంబంధం లేదు. అది తెలిసిన క్షణంలో నాకు గుండె తేలికైంది. ఆ సంగతి దాచను. పెట్టె పీకి సంచిలో వేసుకుని స్టేషనుకు వచ్చాను.

బండిలో కూర్చుని ఆగస్టు పేజీ తీశాను, పెట్టె తప్పు లేదని ఆఫీసుకు రాసి ఇవ్వడానికి. 19, 14 కనిపించాయి. మోటారు ఆగి ఉన్నప్పటి కొలతలవి. వేగం పడిపోయింది మోటారు గోల వల్లే అయితే అది మోటారుతోనే పోవాలి. పక్కింటి మోటారు గోల అయితే తలుపు బోర్డులో కూడా పడాలి. అక్కడ 74 రాగా, ఎనిమిదడుగుల అవతల 14 వచ్చిందంటే, మోటారు పనిచేసి వేడెక్కిస్తే చెడి, చల్లారాక 57కి సర్దుకున్న లోపమేదో ఆ ఎనిమిదడుగుల్లోనే ఉంది. టెస్ట్ డెస్కు మీద పంతొమ్మిదేళ్లు నేను చేసింది ఈ లెక్కే. ఫోనులో గరగర వస్తే అతుకు చెడిందని, రెండు చోట్ల కొలిచి మధ్యలో వెతకమని లైన్‌మెన్‌కు చెప్పిన మనిషిని. రెండు చోట్లా కొలిచాను. మధ్యలో వెతకలేదు. నెట్ వచ్చింది, వదిలేశాను.

ఆఫీసుకు ఏమీ రాసి ఇవ్వలేదు ఆ రోజు.

సెప్టెంబర్ 29 ఆదెప్ప పోయిన పదకొండో రోజు. వెళ్లాను. ఇంట్లో పదిహేనుమంది దాకా ఉన్నారు. ఆదెప్ప అక్క గంగమ్మ, ఓబులదేవరచెరువు నుంచి వచ్చిన పెద్దామె, గుమ్మంలోనే నన్ను ఆపింది.

"వచ్చినావా? కరెంటు తీగలోకి నెట్టు ఎక్కిచ్చిపోతివే. అదే మింగె నా తమ్ముణ్ణి. ఆ పెట్టె కావాలని కూసున్నది ఈమె" అని రత్నమ్మ వైపు చెయ్యి చూపింది. "వీడియోలంట. ఈ మగ్గం ఈ ఇంట్లో వొద్దు. రేప్పొద్దున పీకి అమ్మేస్తాం. ఈమెను మా ఊరికి తోలుకపోతా."

రత్నమ్మ గోడకు ఆనుకుని ఉంది. తల ఎత్తలేదు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. వెనక గదికి తాళం వేసి, తాళంచెవి గంగమ్మ నడుముకు దోపుకుంది. రత్నమ్మకు చేతిలో ఉన్న పని అదొక్కటే. పెట్టె అడిగిన పాపానికి మొగుణ్ణి చంపుకుందన్న మాట అక్కడ నిలబడిపోతే, ఆ మగ్గం పోతుంది, ఆ మాట ఆమెతో పాటు ఆ ఊరికీ పోతుంది.

నేను నిలబడే చెప్పాను. పెట్టె చంపలేదని, అది ఉన్న బోర్డు ఇప్పటికీ బాగుందని చెప్పాను. మోటారు బోర్డులో రాగి ముక్క సంగతి, కాలిన అతుకు సంగతి చెప్పాను. వైర్‌మన్ తీసి ఇచ్చిన ఆ వైరు ముక్కను కాగితంలో తెచ్చాను, అందరికీ చూపించాను. రత్నమ్మ వీడియోలు అడగకపోయినా, నెట్ అసలు లేకపోయినా, ఆ అతుకు ఏదో ఒక పూట తెగేదే అన్నాను. తర్వాత నోటుపుస్తకం తీసి ఆగస్టు 3 పేజీ చదివాను. "ఈ రెండు అంకెలు ఆ అతుకు చెడిందని చెప్పినాయి. నేను రాసుకున్నా. పట్టిచ్చుకోలేదు" అన్నాను.

గంగమ్మ అడిగింది. "అయితే తప్పు నీదేనా?"

"రాగి ముక్క పెట్టినోడిది సగం. నాది సగం."

"సగమని దేంతో కొలిచినావు?"

నేను పుస్తకం మూశాను.

అప్పుడు రత్నమ్మ తల ఎత్తింది. "పుస్తకంలో అంతా రాసినావు కదా. బల్బు సంగతి రాసినావా?"

"ఏ బల్బు?"

"ఆ పొద్దు నువ్వు టీ తాగుతాంటే ఆయన చెప్పలా? మోటారు నిలిచినాక గూడా బల్బు మినుకుతాంటాదని. 'రత్నమ్మ కొట్టకున్యా బల్బన్నా నన్ను జూసి కన్ను కొడతాది' అన్యాడు. నువ్వు నవ్వితివి."

గుర్తొచ్చింది. గ్లాసు చేతిలో ఉంది, నవ్వాను. అది అంకె కాదు, సరసం. పుస్తకంలో లేదు. పుస్తకంలో లేదు కాబట్టి ఆ యాభై ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు జ్ఞాపకం రాలేదు. ఒకే న్యూట్రల్ మీద ఉన్న బల్బు మినుకుతోందంటే నా ఏడు కొలతలూ అవసరం లేదు. ఆ ఒక్క మాట చాలు.

"రాయలేదు" అన్నాను.

రత్నమ్మ లేచి గంగమ్మ దగ్గరికి పోయి చెయ్యి చాపింది. "తాళం ఇయ్యి వదినా. మగ్గం అమ్మేది లేదు." గంగమ్మ నడుము నుంచి తీసి ఇచ్చింది. నా వైపు తిరిగి రత్నమ్మ అంది, "నీ పుస్తకం నువ్వు తీసుకుపో."

అక్టోబరులో ఆ ఇంటికి ఎర్త్ గుంత తవ్వించాను, వెనక గది వైరు మార్పించాను. ఆర్‌సీసీబీ పెట్టించాను. కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి జారుతుంటే, రెప్పపాటులో మొత్తం ఆపేసే స్విచ్ అది. ముందే ఉండి ఉంటే ఆదెప్ప బతికేవాడు. ఆ పని సాగిన రెండు రోజులూ రత్నమ్మ నాతో పనికి కావలసినంత మాత్రమే మాట్లాడింది. మోటారు విప్పించేసి, మిగిలిన చీర కాలితో తొక్కి నేసింది. పెట్టె మళ్లీ పెట్టమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. చీర షావుకారుకే పోయింది. షావుకారు గడప తప్పించుకోవాలని నన్ను పిలిచిన ఇల్లు అది.

ఇప్పుడు నా పని పద్ధతి మారింది. పెట్టె ఒక ప్లగ్గులో పనిచేయకుండా పక్క ప్లగ్గులో పనిచేస్తే, పాత రోజుల్లో అది పరిష్కారం అనుకునేదాన్ని. ఇప్పుడు అది ఫిర్యాదు అనుకుంటున్నాను. కొలవడానికి ముందు ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి అడుగుతాను. లైటు మినుకుతుందా, ఏ వస్తువైనా తాకితే చురుక్కుమంటుందా, స్విచ్ దగ్గర కాలిన వాసన వస్తుందా అని. నవ్వులాటగా చెప్పినా చెప్పిన మాట చెప్పినట్టే రాసుకుంటాను. పుస్తకంలో కుడివైపు పేజీ అంకెలకు, ఎడమవైపు పేజీ మాటలకు.

పోయిన ఏడాది జూలైలో అగళిలో ఒక ఇల్లు. మేడ మీద గదిలో పెట్టె పెడితే 12, పక్క ప్లగ్గులో 66. ఇంటాయన చాలా సంతోషపడ్డాడు. "ఆఁ, బందాయ్త్, నెట్టు వచ్చె. పని అయిపాయ కదమ్మా, దుడ్లు తీసుకోని పోయి రాండి" అన్నాడు. నేను వైర్‌మన్ వచ్చేదాకా కదలనన్నాను. అతను మడకశిర నుంచి రావాలి. మూడు గంటల నలభై నిమిషాలు ఆ మెట్ల మీద కూర్చున్నాను. "ముసలామెకు పని లేదు, మనకు గూడా లేకుండా చేస్తాంది" అని ఇంటాయన లోపలికి వినపడేటట్టే అన్నాడు. ఆ మాట కూడా ఎడమవైపు పేజీలో ఉంది. వైర్‌మన్ వచ్చి బోర్డులన్నీ విప్పాడు, ఎర్త్ కొలిచాడు, అతుకులు లాగి చూశాడు. ఏ లోపమూ లేదు. పక్కింట్లో పిండిమర ఉంది, దాని మోటారే ఆ గోల; నేను ప్లగ్గు మార్చిన వేళకు అది ఆగింది, అంతే. ఇంటిల్లిపాదీ నవ్వారు. పెనుకొండ బస్సు వెళ్లిపోయింది. మిగిలిన పనులన్నీ మర్నాటికి పడ్డాయి. ఒక పూట పోయింది.

ధర్మవరంలో ఆ బుధవారం నేను మిగుల్చుకున్నది సరిగ్గా అంతే, ఒక పూట.